టీ చల్లారిపోతోంది

"బావా! చైర్మన్‌గారికి రేపు పదకొండింటికల్లా నీ కోటు కావాలట!"

ఎనిమిది కుట్టుమిషన్లు ఒకేసారి పరుగెడుతున్న గదిలో ఒక మాట చెవిన పడాలంటే, తొమ్మిదో మిషనులా అరవాలి. బావమరిది అలాగే అరిచాడు. కాజాలు కుట్టే మిషను మీద పన్నెండేళ్లుగా కూర్చున్న మనిషి. ఆ మిషను అతనికి కూడు పెట్టి, బదులుగా కుడిచెవి పుచ్చుకుంది. ఎడమచెవి ఇంకా ఉద్యోగంలోనే ఉంది గాని, సగం రోజులు సెలవు పెడుతుంది.

దర్జీ కత్తెర ఆపాడు. "ఆయన కొలతలు నా దగ్గర లేవే!"

"నేనూ అదే అన్నాను. కొలతలన్నీ మేం చూసుకున్నాం, మీ బావ పట్టుకొస్తే చాలు అన్నాడు పీఏ."

"ఏ రంగట?"

"అడిగా. నవ్వాడు. రంగుదేముంది, మావైపు పడితే చాలన్నాడు."

"ఒక్కటేనా?"

"అదీ అడిగా బావా, నేనేం తక్కువ తిన్నానా? ఆ ఒక్కటే తక్కువైంది అన్నాడు."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. చైర్మన్ కోటంటే మాటలా! దర్జీ భార్య అప్పటికే టేపు మెడలో వేసుకుని, అరలోంచి నల్లగుడ్డ తాను దించేసింది. "ఆయన పొట్ట నలభై ఆరుంటుందా, నలభై ఎనిమిదా?" అందొకావిడ. "గెలిచిన రోజు నలభై రెండే. ఆ తర్వాతే అభివృద్ధి," అందింకొకావిడ. గదంతా ఘొల్లుమంది.

దర్జీ ఒక్కడే నవ్వలేదు.

"తాను చుట్టెయ్," అన్నాడు భార్యతో. "ఆయన అడిగింది కోటు కాదు. ఓటు."

ఒక్క అక్షరం ఊడేసరికి గదిలో నవ్వంతా ఊడిపోయింది. బావమరిది ఎడమచెవి రుద్దుకున్నాడు. ఆడవాళ్లు మళ్లీ మిషన్ల మీద వంగారు గాని, ఎవరి సూదీ గుడ్డలో దిగలేదు. రేపు పదకొండింటికి పురపాలక సంఘం సమావేశం. అందులో ఏడో అంశం నీళ్లు. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

దర్జీ ఆ వార్డు సభ్యుడు. గెలిచి ఎనిమిది నెలలు. ఊళ్లో అతణ్ణి పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. "సీసా" అంటే చాలు. తెలియనివాళ్లు తాగుబోతనుకునేవారు. సంగతేమిటంటే, ఎన్నికల్లో పార్టీ తరఫునే నిలబడ్డా అతను జెండా పట్టుకోలేదు, సీసా పట్టుకున్నాడు. తమ వీధి కుళాయి నీళ్లు ఒక గాజుసీసాలో పట్టి, ఇంటింటికీ తీసుకెళ్లి వెలుతురులో పెట్టి చూపించాడు. అడుగున మడ్డి, మధ్యలో పసుపు, పైన నురుగు. "మూడంతస్తుల నీళ్లండీ, ఇంటిపన్ను వెయ్యనందుకు సంతోషించండి," అనేవాడు. జనం నవ్వారు, నవ్వి ఓట్లేశారు. కుండకి ఓటు పడితే నీళ్లు కారిపోతాయి. దర్జీకి ఎనిమిది వందల ఓట్లు పడ్డాయి, అతనిలోంచి ఏం కారిపోయిందో అతనికే ఇంకా తెలియదు.

పురపాలక సంఘం పేరులో పాలున్నాయి గాని నీళ్లు లేవు. నీళ్లు కాంట్రాక్టరువి. శుద్ధి చేసి గొట్టాల్లో పంపడం అతని పని. శుద్ధి చేస్తున్నట్టు కాగితాలు పంపేవాడు. కాగితాలు మాత్రం ఎంత తెల్లగా ఉండేవో! ఆ కాంట్రాక్టు ఈ నెలతో ముగుస్తుంది. ఏడో అంశం గట్టెక్కితే ఇంకో పదేళ్లు అతనివే నీళ్లు, అవే మురుగుకాలవ పక్కన చిల్లులు పడ్డ గొట్టాలు. గట్టెక్కకపోతే కొత్త టెండరు, కొత్త గొట్టాలు.

దర్జీ అక్క తొమ్మిది రోజులుగా ఆసుపత్రిలో ఉంది. పచ్చకామెర్లు.

* * *

చైర్మన్ గదిలో బల్ల మీద మూతకి సీలు ఉన్న నీళ్ల బాటిళ్లు ఆరు వరసగా నిలబడి ఉన్నాయి. దర్జీ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పీఏ నీ కొట్టుకొచ్చి ఓటు అడిగాడట," అన్నాడు చైర్మన్, ఎంతో నొచ్చుకున్నట్టు. "ఓటు అడగడం మోటు. వాడికి చివాట్లు పెట్టాను తమ్ముడూ. నాకు నీ ఓటు అక్కర్లేదు."

దర్జీకి ప్రాణం లేచొచ్చింది. "నేను కాదని చెయ్యెత్తుతాను సార్. ముందే చెప్పి వెళదామని వచ్చాను."

"ఎత్తు. చెయ్యి నీది. కాకపోతే టీ తాగి ఎత్తు."

"టీయా?"

"నువ్వు కొత్త. పద్ధతి తెలీదు." చైర్మన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "సభ పక్కన టీ గది ఉంది చూశావా? చిక్కు అంశం వచ్చినప్పుడు అటెండరు వచ్చి చెవిలో చెబుతాడు, సార్, టీ చల్లారిపోతోంది అని. లేచి వెళతావు. గంట కొడతారు, తలుపు వేస్తారు, ఓట్లు లెక్కపెడతారు. నువ్వు సభలో లేవు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. రేపు మీ వీధివాళ్లు అడిగితే, నేను చెడ్డదానికి ఓటెయ్యలేదని గుండెమీద చెయ్యేసుకుని చెప్పొచ్చు. ఎవరి మనస్సాక్షినీ నేను ముట్టుకోను తమ్ముడూ. టీ పోస్తానంతే."

లెక్క దర్జీకి తెలుసు. కాంట్రాక్టు కావాలనేవాళ్లు పదిమంది, వద్దనేవాళ్లు అతనితో కలిపి పదకొండుమంది. అతను లేస్తే పదికి పది. సమానంగా వస్తే చైర్మన్‌కి ఇంకో ఓటు ఉంటుంది. పది సార్లు కొలిచి ఒకసారి కత్తిరించే మనిషి. ఈ కొలతలో మాత్రం ఎటు కత్తిరించినా తన వేలే తెగేలా ఉంది.

"నేను టీ తాగను సార్."

"సరే. నీ ఎన్నికల పోస్టర్లు భలే వచ్చాయయ్యా. ఆ సీసా బొమ్మ! ఎవరు వేయించారు?"

"స్నేహితులు. పార్టీ ఆఫీసు నుంచి పంపారు."

"పార్టీ ఆఫీసుకి ఎవరు పంపారు?"

చైర్మన్ ఒక బాటిల్ సీలు తిప్పి తీశాడు. చిటుక్కుమంది.

"కాంట్రాక్టరే. నీ మీద ఓడినవాడి పోస్టర్లూ ఆయనవే, ఆయనకి అందరూ స్నేహితులే. ప్రెస్సులో సీసాలో నీళ్ల రంగు సరిగా కుదరలేదట. ఆయనే దగ్గర నిలబడి, ఇంకొంచెం పసుపు, ఇంకొంచెం పసుపు అని దిద్దించాడట. తన సరుకు కదా, రంగు తప్పితే ఒప్పుకుంటాడా?"

నవ్వొచ్చే మాటే. ఇంకొకరి గురించైతే దర్జీ కూడా నవ్వేవాడు. 

"బడి పిల్లల యూనిఫాం ఆర్డరు ఎలా నడుస్తోంది?" అన్నాడు చైర్మన్. "నాలుగు వేల జతలు కదూ? ఆ ఎనిమిది మిషన్లూ ఆయన తమ్ముడి కంపెనీవేగా? పదహారుమంది ఆడవాళ్లు పూటకి ఎనిమిదిమంది చొప్పున పని చేస్తున్నారని విన్నాను. మంచిపని. పుణ్యం."

ఆ ఆర్డరు వచ్చినప్పుడు దర్జీ ఎవర్నీ ఏమీ అడగలేదు. సభ్యుడయ్యాడు కాబట్టి వీధికి పని తెచ్చాడని అందరూ అంటుంటే, కాబోలు అనుకున్నాడు. జీవితమంతా ఇతరుల జేబులు కుట్టినవాడు. తననే ఎవరో తమ జేబులో వేసి కుట్టేసుకుంటున్నారని, ఆ కుట్టు ఇంత సన్నగా పడుతుందని అతనికి తట్టలేదు.

"నేను రాజీనామా చేస్తాను," అన్నాడు, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకుండానే.

చైర్మన్ సంతోషంగా బల్ల చరిచాడు. "చెయ్యి! ఇప్పుడే కాగితం ఇమ్మంటావా? నువ్వు సభలో లేకపోవడమేగా మాకు కావలసింది. టీ ఖర్చు కూడా మిగుల్తుంది."

* * *

ఆసుపత్రిలో అక్క ఉన్న వార్డులో పద్నాలుగు మంచాలు. వాటిలో పదకొండు మంచాల మీద దర్జీ వార్డువాళ్లే. వార్డు నిండా వార్డేనన్నమాట. మెంబరు లోపలికి రాగానే పదకొండు జతల పసుపు కళ్లు అతనివైపు తిరిగాయి. ఎవరికి దణ్ణం పెట్టాలో, ఎవరికి మొహం చాటెయ్యాలో తెలియక అతను నేల చూసుకుంటూ నడిచాడు.

అక్క అతని కన్నా పద్నాలుగేళ్లు పెద్దది. అమ్మ పోయినప్పుడు అతనికి ఆరేళ్లు. బొగ్గులపెట్టెతో ఊళ్లోవాళ్ల బట్టలు ఇస్త్రీ చేసి, ఆ వేడి మీదే తమ్ముణ్ణి పెంచింది. మొన్నటిదాకా కొట్టులో యూనిఫాంలన్నిటికీ మడత వేసింది ఆవిడే. ఇప్పుడు దుప్పటి మడత సరిచేసే ఓపిక కూడా లేదు. చేతికి గొట్టం. ఒళ్లంతా పసుపు. పొద్దున డాక్టరు దర్జీని పక్కకి పిలిచి, కాలేయం గట్టిగా దెబ్బతింది, రెండు మూడు రోజులు గడిస్తే గాని చెప్పలేం అన్నాడు.

"రేపేగా?" అంది అక్క.

"రేపే."

"చెయ్యెత్తుతావుగా?"

"చూద్దామక్కా. అక్కడ పద్ధతులు..."

"నీళ్లు నములుతున్నావురా."

"నమలడానికి మన వీధిలో మంచినీళ్లెక్కడున్నాయక్కా?"

అక్క నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. పక్క మంచం ముసలాయన లేచి గ్లాసు అందించాడు.

"నాకేం అవుతుందో నాకు తెలుసులే," అంది దగ్గు తగ్గాక. "నేను నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. అడిగానా?"

"లేదు."

"ఇది అడుగుతున్నాను. చెయ్యెత్తు. ఇంటి ముందు పిల్లలు ఆ కుళాయి కిందే నోరు పెట్టి తాగుతున్నార్రా."

"ఎత్తుతానక్కా," అన్నాడు. ఆ క్షణంలో అబద్ధం చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి భార్య మిషన్లకి నూనె వేస్తోంది. చైర్మన్ అన్నదంతా చెప్పాడు. పోస్టర్లు, మిషన్లు, టీ. ఆవిడ ఒక మిషను చక్రం చేత్తో తిప్పి చూసి, ఇంకో మిషను దగ్గరికి జరిగింది.

"ఏదో ఒకటి అనవే!"

"నేననను," అంది. "నేను టీ వద్దంటే ఆ పదహారుమంది కడుపు కొట్టానంటారు. తాగండి అంటే, అక్కనీ వీధినీ గాలికొదిలేయమన్నది మా ఆవిడేనని రేపు నామీద తోస్తారు. ఓట్లు మీకు పడ్డాయి. మీరే మొయ్యండి."

* * *

సభలో దర్జీ పక్కకుర్చీ మాష్టారిది. రిటైరైన లెక్కల మాష్టారు, మూడోసారి సభ్యుడు, మూడుసార్లూ ఓడిపోయే పక్షంలోనే కూర్చున్నాడు. పైన సందర్శకుల వరండాలో దర్జీ వీధివాళ్లు పదిహేనుమంది రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. ముందువరసలో బావమరిది, చెవి దగ్గర చెయ్యి ఒడ్డుకుని.

"టీ తాగవుగా?" అన్నాడు మాష్టారు, మొహం అటు తిప్పకుండానే.

"పొద్దున్నుంచి నీళ్లు కూడా ముట్టలేదు మాష్టారూ."

"పదేళ్లు దాటింది నేనీ సభకి వచ్చి. దుర్మార్గానికి చెయ్యెత్తిన చేతులు పది కన్నా ఎక్కువ ఎప్పుడూ చూళ్లేదు. అయినా అన్నీ జరిగిపోయాయి. ఈ ఊరిని ముంచింది ఓట్లు కాదయ్యా, కప్పులు."

మొదటి ఆరు అంశాలూ ఆరు నిమిషాల్లో అయిపోయాయి. కార్యదర్శి ఏడోది చదవడం మొదలుపెట్టాడు. అటెండరు పిల్లిలా వచ్చి దర్జీ చెవి దగ్గర వంగాడు.

"సార్, టీ చల్లారిపోతోంది."

"నాకొద్దు."

"అలాగే సార్." వెళ్లిపోయాడు. అంతే. ఇంత సులువా అనుకున్నాడు దర్జీ. ఒంటిమీద చెమట ఆరుతుంటే హాయిగా ఉంది. పైకి చూసి బావమరిదికి తల ఊపాడు.

అప్పుడు చొక్కా జేబులో ఫోను వణికింది. తీసి చూశాడు. భార్య. ఆగింది, మళ్లీ వణికింది. మళ్లీ. సభలో ఫోను మాట్లాడకూడదు. ఐదోసారీ వణికింది. అక్కకేమైనా అయిందేమో! లేచాడు.

"కూర్చో," అన్నాడు మాష్టారు. చొక్కా అంచు పట్టుకున్నాడు. "చదవడం అయిపోవస్తోంది. రెండు నిమిషాలు. కూర్చోవయ్యా!"

"ఇంటినుంచి మాష్టారూ. అక్క..."

"రెండే రెండు నిమిషాలు."

"నా వల్ల కాదు!" అని అరిచాడు దర్జీ. చొక్కా లాక్కున్నాడు. తన చేత్తో కుట్టుకున్న గుండీ తెగి మాష్టారి చేతిలో ఉండిపోయింది. సభ సభంతా అటు తిరిగింది. పైన వరండాలో చప్పట్లు మొదలయ్యాయి. ఎందుకో అతనికి తెలియలేదు, తెలుసుకునే తీరికా లేదు. కనిపించిన తలుపు తోసుకుని వెళ్లాడు. అది టీ గది తలుపు. అటెండరు అతని వెనకే లోపలికి వచ్చాడు.

"అక్కకేమైంది?" అన్నాడు ఫోనులో.

"అక్కకేం కాలేదు." భార్య గొంతు వెనక లారీ ఇంజను, ఆడవాళ్ల ఏడుపులు. "మిషన్లు తీసుకుపోతున్నారు. రెండు ఎక్కించేశారు. మూడోదాని మీద పడుకుని ఒకావిడ లేవనంటోంది. పీఏ ఇక్కడే ఉన్నాడు. మీరు టీ గదిలో ఉన్నారా లేదా అని అడుగుతున్నాడు."

దర్జీ చుట్టూ చూశాడు. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక కప్పు. కప్పు మీద సాసరు మూత.

"ఉన్నారా?" అంది భార్య.

"ఉన్నాను."

"ఉన్నారట," అని ఆవిడ ఎవరితోనో చెప్పడం వినబడింది. తర్వాత ఒక ఇనుప చప్పుడు. ఆ చప్పుడు అతనికి తెలుసు. కుట్టుమిషను కాళ్లు నేలకి ఆనినప్పుడు వచ్చేది. ఒకటి. ఆ తర్వాత ఇంకొకటి. దించుతున్నారు.

సభలో గంట మోగింది. అటెండరు తలుపు మూసి, లోపలివైపు గడియ పెట్టాడు.

"గంట కొట్టాక వెయ్యమని రూలు సార్. వేశాను," అన్నాడు. "తీయకూడదని మాత్రం రూలు లేదు. లోపలున్నవాళ్లు తీసుకుని పోవచ్చు. ఎవరైనా తీస్తే ఇబ్బంది పడకూడదని నెలకోసారి నూనె రాస్తుంటాను."

"ఎవరైనా తీశారా?"

అటెండరు ఆలోచించాడు. "నేను వచ్చిన దగ్గర్నుంచీ లేదు సార్."

తలుపు అవతల కార్యదర్శి గొంతు, "అనుకూలంగా ఉన్నవారు." కుర్చీలు జరిగిన చప్పుడు. దర్జీ వెళ్లి గడియ మీద చెయ్యి వేశాడు. చల్లగా, నున్నగా ఉంది. ఒక వేలితో తోసినా జారిపోయేలా ఉంది. అవతల అక్క అడిగిన చెయ్యి. ఇవతల ఎనిమిది మిషన్లు, వాటి ముందు పదహారుమంది, నేల మీద ఆనిన ఇనుపకాళ్లు. గడియ తీస్తే లారీ మళ్లీ స్టార్ట్ అవుతుంది. తీయకపోతే కుళాయి కింద పిల్లలు రేపు కూడా నోరు పెడతారు. ఇంతకీ ఈ ఆలోచనలన్నీ కూడా ఆలస్యం చేయడానికేనని, ఆలస్యమైపోతే తను నిర్ణయించక్కర్లేదని, అందుకే ఇంత నిదానంగా ఆలోచిస్తున్నానని అతనికి తెలుస్తూనే ఉంది. 

"వ్యతిరేకంగా ఉన్నవారు."

చెయ్యి గడియ మీదే ఉంది.

"సమానం. అధ్యక్షుల వారి ఓటుతో ఆమోదించడమైనది" అని కార్యదర్శి గొణిగినట్టు చదివాడు. పైనుంచి కేకలు, ఈలలు లేచాయి. బల్ల మీద సుత్తి పడింది.

దర్జీ చెయ్యి తీసి చూసుకున్నాడు. వేళ్లకి నూనె. పంట్లానికి తుడుచుకున్నాడు.

"ఇప్పుడైనా తాగండి సార్," అన్నాడు అటెండరు, సాసరు తీసి.

తాగాడు. మీగడ కట్టింది. గుక్కలో దిగిపోయింది.

* * *

వీధి తలుపులోంచి బయటికొచ్చాడో లేదో, పదిహేనుమందీ మీద పడ్డారు. కొడతారనుకుని మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వాళ్లు అతణ్ణి ఎత్తి భుజాల మీదకి ఎక్కించుకున్నారు.

"వాకౌట్! మనవాడు వాకౌట్ చేశాడు!" బావమరిది గంతులేస్తున్నాడు. "చొక్కా పట్టుకుని లాగినా ఆగలేదు! నా వల్ల కాదు అని మొహం మీదే చెప్పి లేచొచ్చేశాడు! గుండీ తెంచుకుని వచ్చేశాడు! ఇంతమందిలో ఒక్కడే మగాడు!"

"దించండి," అన్నాడు దర్జీ. "దించండి, మీకు తెలీదు..."

"సీసాకి!"

"జై!"

దారినపోయేవాళ్లు ఆగి చూశారు. మిట్టమధ్యాహ్నం సీసాకి జై కొట్టుకుంటూ ఊగిపోతున్న ఆ గుంపుని చూసి ఒకావిడ పిల్లల్ని పక్కకి లాక్కుంది. భుజాల మీద దర్జీ అటూ ఇటూ ఊగుతూ, చెప్పబోయిన ప్రతిసారీ నోట్లోకి గాలి పోయి మాట ఆగిపోతూ, ఆసుపత్రి దాకా మోయబడ్డాడు. సగం దారిలో ప్రయత్నించడం మానేశాడు. అదీ అతనికి తెలిసే జరిగింది.

వార్డులో మంచాల మధ్య అతణ్ణి దించారు. నర్సు అరుస్తున్నా ఎవరూ కదల్లేదు. పదకొండు మంచాలవాళ్లూ లేచి కూర్చున్నారు. కొట్టు నుంచి భార్య, కుట్టే ఆడవాళ్లలో నలుగురు అప్పటికే వచ్చి గోడవారన నిలబడ్డారు. వాళ్లు చప్పట్లు కొట్టలేదు. బావమరిది ఊపిరాడకుండా కథంతా చెప్పాడు, చొక్కా, గుండీ, గర్జన.

అక్క చెయ్యి చాపింది. దర్జీ వెళ్లి పక్కన నిలబడ్డాడు. 

"కాంట్రాక్టు?" అంది.

"మనం ఓడిపోయామమ్మా, పొడిగించేశారు," అన్నాడు బావమరిది. "అయితేనేం! మనవాడు లొంగలేదు. అది చాలదూ?"

"చాలు," అంది అక్క. పసుపుకళ్లలో నీళ్లు తిరిగాయి. అవీ పసుపుగానే కనబడ్డాయి. "చాల్రా తమ్ముడూ."

ఆ మాట అనకుండా ఉంటే అతను ఊరుకునేవాడేమో.

"అక్కా, అది వాకౌట్ కాదు. టీకి వెళ్లాను."

గుంపు పెద్దగా నవ్వింది. సీసా అంటే జోకులకి పెట్టింది పేరు కదా!

"నవ్వకండి. వినండి." అతను గుంపువైపు తిరిగాడు. "వద్దనేవాళ్లం పదకొండుమందిమి. కావాలనేవాళ్లు పదిమంది. నేను లేచాను కాబట్టి పదికి పది అయింది. చైర్మన్ ఇంకో ఓటు వేసుకున్నాడు. చిక్కు అంశాలకి ఒక్కణ్ణి టీకి పంపిస్తారు. అదీ వాళ్ల పద్ధతి. ఇవాళ ఆ ఒక్కడు నేను."

పక్క మంచం ముసలాయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "అంటే నువ్వు కూర్చుని ఉంటే..."

"ఆగిపోయేది."

గోడవారనున్న ఒకావిడ ఏడుస్తూ ముందుకొచ్చింది. "మా మిషన్ల కోసం చేశారు. లారీ వచ్చింది. మాకోసమే..."

"ఫోనొచ్చింది కాబట్టి లేచాడు," అన్నాడు బావమరిది, మొహం మాడిపోయి కూడా వదలకుండా. "అక్కకేమైనా అయిందేమోనని పరిగెత్తాడు. లోపలికెళ్లగానే తలుపు వేసేసి ఉంటారు. మోసం! అంతేగా బావా? తలుపు వేసేశారా లేదా?"

"వేశారు."

"చూశారా!" గుంపులో ఊపిరి తిరిగింది. "తలుపేసి బంధించారట! అదీ సంగతి! మరి ఆ ముక్క చెప్పవేం?" ఒకడు దర్జీ వీపు తట్టాడు. ముసలాయన మడిచిన వేళ్లు విప్పేశాడు. అందరి మొహాల్లోనూ, దయచేసి అంతేనను అన్న బతిమాలాట. అంతే అనడానికి ఒక్క తల ఊపు చాలు. నోరు కూడా విప్పక్కర్లేదు.

అక్క మాత్రం అతని మొహమే చూస్తోంది. ఆరేళ్లప్పటి నుంచి చదువుకున్న మొహం.

"గడియ ఎటువైపుందిరా?" అంది.

దర్జీ తన చేతివేళ్లు చూసుకున్నాడు.

"నా వైపే అక్కా," అన్నాడు అందరికీ వినబడేలా. "నూనె కూడా రాసి ఉంది."